మహారాజశ్రీ ఏం కాదులే గారికి

చెన్నై వేళచ్చేరి నుంచి ఒక సంసారి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. మీ కుశలానికి ఎప్పుడూ లోటు లేదు కాబట్టి, మా కుశలం గురించే నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

మీరు మా ఇంటికి కొత్తవారేం కాదు. గ్యాస్ ట్యూబు బీటలిచ్చినప్పుడు, మేడ మీద ట్యాంకు మూత ఎగిరిపోయినప్పుడు, ఒకే బండి మీద నలుగురం ఎక్కినప్పుడు పిలవకుండానే వచ్చి పీట వేసుకుని కూర్చుంటారు. మీ తమ్ముడు ఒకాయన ఈ ఊళ్లోనే కాపురం. పేరు ఒణ్ణుం ఆగాదు. భాష తమిళం గానీ భుజం తట్టే తీరు ఒకటే. అన్నదమ్ములిద్దర్నీ ఒకే పడవలో చూసే భాగ్యం మాత్రం నాకు మొన్న ఫిబ్రవరిలో కలిగింది.

మా బావమరిది స్నేహితుడికి ఒక ఫైబర్ బోటు ఉంది. నెల్లూరు నుంచి అత్తగారు, మామగారు వచ్చారు కదా అని ఆదివారం పొద్దున్నే ఊరికి ఉత్తరాన ఒక హార్బరు నుంచి బయల్దేరాం. ఆ సర్దుడు చూసి తీరాలి. రెండు గిన్నెల పులిహోర, మురుకుల డబ్బా, ఊరగాయ, మూడు గొడుగులు, నాలుగు పవర్ బ్యాంకులు, అమ్మాయికి రెండు జతల బట్టలు, మామగారి చేతికర్ర. ఆకలేస్తే ఏం చేయాలో, చార్జింగ్ అయిపోతే ఏం చేయాలో, ఎండ కాస్తే ఏం చేయాలో అన్నిటికీ మా దగ్గర ఏర్పాటు ఉంది. నడిసముద్రంలో పడవ ఆగిపోతే ఏం చేయాలన్న ఒక్క శాఖ మాత్రం మీకు అప్పగించాం.

"లైఫ్ జాకెట్లు ఉన్నాయా?" అని నేను అడిగిన మాట వాస్తవం. అత్తగారు నా వంక చూసిన చూపు కూడా వాస్తవమే. "శుభమా అని బయల్దేరతా ఉంటే ఆ మాటలేంది నాయనా," అన్నారు. శుభం పలకరా మంకెన్నా అంటే పలకనివాడి పక్కన ఆ క్షణం నుంచి నాకూ ఒక పీట పడింది. బోటు నడిపే అతను ముందువైపున్న చెక్క మూతని కాలితో తట్టి, "ఇరుక్కు సార్, ఒణ్ణుం ఆగాదు," అన్నాడు. ఆ మూత కింద ఎక్కడో ఉన్నాయని మేం అర్థం చేసుకోవాలి.

గంటన్నరకి మెరీనా లైట్‌హౌస్ అగ్గిపుల్లంత అయింది. ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. సరిగ్గా అక్కడే ఎవరో పారేసిన నైలాన్ వల ముక్క ప్రొపెల్లరుకి చుట్టుకుంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. నడిచే పడవ అలని కోసుకుంటూ పోతుంది. ఆగిన పడవ పక్కకి తిరిగి అలకి డొక్క చూపిస్తుంది. పది నిమిషాల్లో ఇద్దరు తిన్న పులిహోర బంగాళాఖాతం పాలైంది. వాంతుల మాత్ర ఎక్కే ముందు వేసుకోవాలి గానీ మొదలయ్యాక వేసుకుంటే అది కూడా పులిహోర వెంటే పోతుందని ఆ రోజే తెలిసింది.

అప్పుడు మూత తెరిచాం. పైన లంగరు తాడు విప్పలేని జడలా చిక్కుపడి ఉంది. దాని కింద ఒక డీజిల్ డబ్బా. దాని కింద జాకెట్లు, ఏడుగురికి ఐదు. కొన్ననాటి పాలిథీన్ కవరు కొన్నట్టే ఉంది. కవరు మూతికి వేసిన ముడి ఉప్పుకి బిగిసి రాయైపోతే మా బావమరిది పళ్లతో కొరికి విప్పాడు. అమ్మాయికి ఒకటి తొడిగి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాను. జాకెట్టు చెవులు దాటి నా చేతుల్లోకి వచ్చేసింది, పాప కిందే ఉండిపోయింది. నీళ్లలో పడితే జాకెట్టుకి ఢోకా లేదన్నమాట. కవరు చిరిగిన ఇంకోదాని విజిల్ ఊదితే, లోపల ఏదో పురుగు కట్టుకున్న మట్టిగూడు పొడిపొడిగా నా నోట్లోకి వచ్చింది. చేత్తో పట్టుకుని వెలిగించే ఎర్ర మంట కడ్డీలు కూడా రెండున్నాయి. అవి మామూలుగా మూడేళ్లకి మించి పనికిరావు. వాటి మీద అచ్చేసిన గడువు 2019.

2019 అంటే గుర్తొచ్చింది. ఆ సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు, అంతకు ముందు 2017 నవంబరులో కృష్ణా పవిత్ర సంగమం దగ్గర మునిగినప్పుడు, టీవీ ముందు కూర్చుని లైఫ్ జాకెట్ల మీద ఉపన్యాసాలిచ్చిన ఇళ్లలో మాదీ ఒకటి. పది రోజులు మీరు గుమ్మం బయటే నిలబడ్డారు. పదకొండో రోజు చెప్పులు విప్పి మెల్లగా లోపలికొచ్చి కాఫీ అడిగారు. ఇచ్చాం.

మా సంగతికొస్తే, కాశిమేడుకి తిరిగొస్తున్న ఒక చేపల మరబోటు మమ్మల్ని చూసి తాడు విసిరింది. ఒడ్డుకి చేర్చినందుకు వాళ్లు డబ్బులు పుచ్చుకోలేదు, మురుకుల డబ్బా పుచ్చుకున్నారు. నేల మీద కాలు పెట్టగానే మామగారు నా భుజం తట్టి, "చూశావా అల్లుడూ, ఏం కాలేదు గదా," అన్నారు.

అయ్యా, నా ఫిర్యాదు ఇదే. ఏమైనా అయితే అది మా ఖర్మ. ఏమీ కాకపోతే అది మీ ఘనత. ఆ మరబోటు వాళ్ల పుణ్యాన్ని కూడా మీ ఖాతాలోనే జమ వేసుకున్నారు. ఇలా ఎన్నేళ్లుగా పరాయివాళ్ల పుణ్యం పోగేశారో గానీ, మా మామగారి దగ్గర పలుకుబడి ఇప్పుడు వెంకటేశ్వరస్వామి తర్వాత మీదే.

అందుకే రెండోసారి వెళ్దామని ఆయన అన్నప్పుడు నేను మీ మీద కుట్ర పన్నాను. ముందు తేదీ చూశాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. అంటే మీ ఖాతాలో పుణ్యం జమ చేసేవాళ్లు ఆ రెండు నెలలూ ఒడ్డునే ఉంటారు. మార్చిలో పెట్టుకున్నాం.

ఆ పనిలో ఉండగా ఒక విచిత్రం తెలిసింది. మన సముద్రం గురించి బెంగపడేవాళ్లు సముద్రం లేని ఊళ్లలో కూర్చున్నారు. అల ఎంత ఎత్తు లేస్తుందో, గాలి ఎటు మళ్లుతుందో ముందుగా చెప్పే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లో ఉంది. ఆపదలో ఉన్న పడవ మీద 406 మెగాహెర్ట్‌జ్ బీకన్ మోగితే, ఆ కేక ఉపగ్రహం ఎక్కి బెంగళూరులోని ఇస్రో కేంద్రంలో దిగి, అక్కడి నుంచి కోస్ట్ గార్డుకి చేరుతుంది. హుస్సేన్ సాగర్ ఒడ్డున పెరిగిన ఊరికి ఉన్న జాగ్రత్త బంగాళాఖాతం ఒడ్డున పెరిగిన మీకు లేకపోయింది.

బోటులో వీహెచ్ఎఫ్ రేడియో ఉందని కూడా అప్పుడే బయటపడింది. పాటలు రావని అతను దాన్ని ఎప్పుడో కట్టేశాడట. ఆపద కబుర్లకి వాడే 16వ ఛానల్‌లో ఏం చెప్పాలో మా ఏడేళ్ల అమ్మాయి ఎక్కాలకన్నా తొందరగా పట్టేసింది. మేడే అని మూడుసార్లు, బోటు పేరు మూడుసార్లు, తర్వాత ఎక్కడున్నామో, ఏమైందో, ఎంతమందిమో. సాయంత్రం అత్తగారు దీపం పెడుతుంటే అది టీవీ రిమోట్ నోటి దగ్గర పెట్టుకుని, "మేడే మేడే మేడే! 13 డిగ్రీల ఉత్తరం, 80 డిగ్రీల తూర్పు! ఏడుగురం ఉన్నాం! అమ్మమ్మకి వాంతులు!" అని అరిచింది. ప్రాణం మీదికొస్తేనే ఆ మాట వాడాలి, వాంతులకి వాడకూడదు అని సరిదిద్దాను. దీపాల వేళ ఆ మాట ఎత్తనే కూడదని అత్తగారు నన్ను సరిదిద్దారు.

పక్కింటాయనకి ఒక చీటీ రాసిచ్చాను. బోటు పేరు, మా ఏడుగురి లెక్క, ఎటువైపు వెళ్తున్నాం, మధ్యాహ్నం రెండుకల్లా మా నుంచి కబురు లేకపోతే కోస్ట్ గార్డు నంబరు 1554కి ఫోన్ చేయమని. ఆయన రెండుసార్లు చదివి, "వీలునామాలా ఉందండీ," అన్నాడు.

బోటులో స్టీరింగు పక్కన, పాతకాలం ఫోను తీగలా చుట్టలు చుట్టుకున్న ఎర్ర తాడు ఒకటి ఉంటుంది. నడిపేవాడు దాన్ని తన ఒంటికి తగిలించుకోవాలి. అతను నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజను ఆగుతుంది. లేకపోతే పడవ ఆయన్ని వదిలేసి మమ్మల్ని ఎక్కించుకుని పోతుంది. మా అతను దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉంచాడు. అవి తీసి పక్కన కట్టించడానికి పావుగంట పట్టింది. ఇంజను ఎలా ఆపాలో మా ఆవిడ నేర్చుకుంది. ఈసారి జాకెట్లు ఏడు, అందులో ఒకటి పిల్లలది, కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నది. ఒడ్డునే తొడుక్కుని ఎక్కాం. హార్బరులో జనం మమ్మల్ని ఏదో పార్టీ కార్యకర్తలనుకున్నారు.

అత్తగారు గంగమ్మకి సమర్పించడానికి పీచు తీయని కొబ్బరికాయ తెచ్చారు. ఒక్కసారి అప్పిమ్మని అడిగాను. నీళ్లలో పడ్డ మనిషి పైకి కనిపించేది అంతే, కొబ్బరికాయంత తల. కాయ విసిరి, పడవ తిప్పి, మళ్లీ అందుకోవాలి. బావమరిదికి ఒకటే పని, కాయ వైపు వేలు చూపిస్తూ కళ్లు తిప్పకుండా ఉండటం. విసిరాం. పడవ తిరుగుతోంది. "కొంచెం ఎడమకి" అని చెప్పడానికి వాడు ఒక్క క్షణం అటు తిరిగాడు.

అంతే, కాయ లేదు. అల పెద్దదేం కాదు, మోకాలెత్తు. ఎండ తళతళ, నీళ్ల మీద నీడలు, ప్రతి నీడా కాయలాగే ఉంది. మూడు చుట్లు తిరిగాం. విజిల్ పట్టుకుని ఆడుకుంటున్న అమ్మాయి కూడా ఊదడం మానేసింది.

"గంగమ్మ తీసుకుందిలే," అన్నారు మామగారు. గొంతు మాత్రం మీది కాదు.

అత్తగారు ఏమీ అనలేదు. చాలాసేపు నీళ్ల వంకే చూశారు. తర్వాత వంగి, మనవరాలి కాళ్ల మధ్య పట్టీ పట్టుకుని లాగి చూశారు. "ఇది ఇంకొంచెం బిగించు నాయనా," అన్నారు.

ఇట్లు,
మీ పాత పరిచయస్తుడు

తా.క.: పక్కింటాయన ఆ చీటీ ఇంకా తిరిగివ్వలేదు. వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకుని పులికాట్ సరస్సులో పడవ షికారుకి వెళ్తున్నాడట. జాకెట్ల సంగతి అడిగితే మీ పేరే చెప్పాడు.