రైతు కారుకి రాజయోగం

హెన్రీ ఫోర్డ్ చేసిన అపచారాన్ని విశాఖపట్నం సరిదిద్దుతోంది. ఇంత ఘనకార్యాన్ని పత్రికలు పట్టించుకోకపోవడం చూసి నాకు బాధేసింది, అందుకే కలం పట్టాను.

1908లో ఫోర్డు మోడల్ టీ అనే కారుని 850 డాలర్లకి అమ్మకానికి పెట్టాడు. అక్కడితో ఆగినా మర్యాదగా ఉండేది. 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టాడు. పన్నెండు గంటలకి పైగా పట్టే ఛాసిస్ (కారు అడుగు చట్రం) బిగింపుని గంటన్నర పనిగా మార్చాడు. ధర తెగ్గోసుకుంటూ పోయి 1925 నాటికి అందులో చౌకరకం బండిని 260 డాలర్లకి దించాడు. 1927లో తయారీ ఆపేసరికి కోటిన్నర కార్లు రోడ్లమీద పడ్డాయి. ఎక్కిందెవరు? రైతులు! ఎత్తుగా ఉంటుంది, బురద దారిలో దిగబడదు అని కొన్నారు. కొని ఊరుకున్నారా? వెనక చక్రాన్ని జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి నూర్పిడి యంత్రాలు తిప్పుకున్నారు, కట్టెలు కోసుకున్నారు. కారు జాతికి ఇంతకంటే తలవంపులు ఏముంటాయి?

వందేళ్ల తర్వాత ఆ పరువు నిలబెట్టడానికి ఎంవీపీ కాలనీలో ఒక పెద్దమనిషి నడుం కట్టారు. వెంచర్లు వేసే వృత్తి. సముద్రం కనిపించే ఫ్లాటుంది, భీమిలి రోడ్డులో తోట ఉంది, తోటలో ఉయ్యాల బల్ల ఉంది, దానిమీద కూర్చుని ఫొటో దిగడానికి పట్టు లాల్చీ ఉంది. లేనిదల్లా ఒక జమీందారు తాతయ్య. ఫ్లాటూ తోటా అయితే రిజిస్ట్రారాఫీసులో పని అయిపోతుంది, తాతయ్యలకి ఆ సౌకర్యం లేదు. ఇలా మథనపడుతున్న రోజుల్లో ఒక పాత షెడ్డులో, గోనెపట్టాల కింద, 1924 నాటి మోడల్ టీ ఆయన కంటపడింది. వెనక సీటులో కోడి పొదిగింది. మామూలు మనిషికి అక్కడ తుప్పూ కోడీ మాత్రమే కనిపిస్తాయి. ఆయనకి తలపాగా చుట్టి మీసం మెలేసిన తాతయ్య కనిపించాడు.

ఉత్తరాంధ్రలో పుట్టడం ఇలాంటప్పుడు కలిసొస్తుంది. విజయనగరం, బొబ్బిలి, కురుపాం, జయపురం... ఎటు వేలు చూపించినా ఒక సంస్థానం తగులుతుంది. పేరు పెట్టి ఒకదానికి కట్టుబడితే ఆ వంశం వాళ్లెవరైనా పెళ్లిళ్లలో ఎదురుపడే ప్రమాదం ఉంది కాబట్టి, "అటు సంస్థానం వాళ్లం" అని చెయ్యి గాల్లో ఊపితే సరిపోతుంది. కాగితాలేవీ అని ఎవరైనా అడిగితే 2014 అక్టోబరు 12 ఉండనే ఉంది. ఆనాటి హుద్‌హుద్ తుపానులో ఈ నగరం చెట్లు పోగొట్టుకుంది, విమానాశ్రయం పైకప్పు పోగొట్టుకుంది, కొన్ని కుటుంబాలు తమకి ఎన్నడూ లేని దస్తావేజులు కూడా పోగొట్టుకున్నాయి.

కారుకి స్టీరింగు కుడివైపు ఉంది. బ్రిటిష్ ఏలుబడిలోని దేశాల కోసం కెనడా ఫోర్డు కంపెనీ చేసి పంపిన రకం అది. ఆయన మాత్రం తాతయ్య లండను నుంచి ఓడలో తెప్పించాడంటారు. కెనడా అంటే కొడుకు చదువుకుంటున్న ఊరు, అక్కణ్ణుంచి ఎవరైనా రావచ్చు. సంస్థానంలోకి ఏదొచ్చినా లండను నుంచే రావాలి.

ఇక మరమ్మతు. మన సముద్రపు గాలికి హోదాల పట్టింపు లేదు. నిరుడు కొన్న స్కూటరునీ, నూరేళ్ల ఫోర్డునీ ఒకే శ్రద్ధతో తింటుంది. మడ్‌గార్డులు వేలు పెడితే పొడయ్యాయి. టింకరింగు వాళ్లు కొత్త రేకు కొట్టి వేశారు. అదంతా ఎవరైనా చేస్తారు. ఇంజనులో బేరింగుల దగ్గర కథ ఆగిపోయింది. ఇప్పటి కార్లలోలా కొట్టుకెళ్లి కొని తొడిగే బేరింగులు కావవి. వైట్ మెటల్ అనే మెత్తటి మిశ్రలోహాన్ని కరిగించి ఇంజను బ్లాకులో పోసి, చల్లారాక క్రాంకుకి (అందులో తిరిగే ఇరుసుకి) సరిపోయేలా తీర్చాలి. నగరంలో పెద్ద పెద్ద షోరూముల వాళ్లు కంప్యూటరు తగిలించడానికి చోటు కోసం వెతికి, దొరక్క, సారీ సార్ అన్నారు.

చివరికి గాజువాక నుంచి ఒక పెద్దాయన్ని పట్టుకొచ్చారు. షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆ పని చూడాలి. మూకుడులో లోహం కరుగుతుంటే థర్మామీటరు అడగలేదు. ఎండు చీపురుపుల్ల ముంచి తీశాడు. పుల్ల గోధుమరంగుకి మాడితే వేడి సరిపోయిందట, భగ్గుమంటే ఎక్కువైందట. పోశాక క్రాంకుకి నీలం రంగు పలచగా పూసి, కూర్చోబెట్టి, ఒక చుట్టు తిప్పి, పైకి తీశాడు. రంగు అంటిన చోటల్లా స్క్రేపరుతో గీకాడు. మళ్లీ పూశాడు, మళ్లీ తిప్పాడు, మళ్లీ గీకాడు. నీలం అంతటా సమంగా అంటేదాకా అదే వరస, పొద్దుపోయేదాకా. "ఏటి బాబూ, ఓడకి పోసినోడికి దీనికి పొయ్యడం ఓ లెక్కా?" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

1914లో ఫోర్డు తన కార్మికులకి రోజుకి 5 డాలర్లు ఇస్తానని ప్రకటించి మరో అపచారం చేశాడు. ఆ తప్పు మన షెడ్డులో దొర్లలేదు. పెద్దాయనకి మామూలు కూలీ ఇచ్చారు, పైగా టీ ఇచ్చారు, కప్పు స్టీలుదే. ఆయన బేరింగులు పోస్తున్న ఫొటో మాత్రం యజమాని తీయించుకున్నారు. అందులో స్క్రేపరు యజమాని చేతిలో ఉంది.

రంగు దగ్గర చిన్న చర్చ జరిగింది. 1914 నుంచి 1925 దాకా ఫోర్డు ఈ కార్లని ఒక్క నలుపులోనే అమ్మాడు. మనది 1924 కాబట్టి నల్లగా ఉండాలి. రాజుగారు నల్లకారు ఎక్కడమేమిటి, బాగుండదు అని మెరూన్ వేయించి అంచులకి బంగారు గీత లాగించారు. ఎవరైనా అడిగితే తాతయ్య ప్రత్యేకంగా ఆర్డరిచ్చి చేయించుకున్న రంగు. అన్ని లక్షల మందికి చెయ్యని మినహాయింపు ఫోర్డు తనకి చేశాడన్న మాటే ఆ తాతయ్య ఎంతటివాడో చెప్పడం లేదూ?

ప్రభుత్వం కూడా ఈ రంగానికి అన్నివిధాలా అండగా నిలిచింది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన రెండు చక్రాల, నాలుగు చక్రాల బళ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్తగా అయితే 20 వేలు, పదేళ్లకోసారి మళ్లీ చేయించుకుంటే 5 వేలు. నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన వీఏ అని వేస్తారు. (బీచ్‌రోడ్డులోని కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది. వయసు ఎప్పుడో సరిపోయింది, పాపం చక్రాలు లేవు.) బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్చకూడదు. మార్చిన రేకులన్నీ అసలు రూపంలోనే మార్చామని యజమాని వాదన. న్యాయంగానే తోస్తుంది.

అన్నిటికంటే నాకు నచ్చిన నిబంధన వేరే ఉంది. ఇలాంటి బండిని రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలు పోయించుకోడానికి, రిపేరుకి మాత్రం తీసుకెళ్లొచ్చు. పాతకారు ఉన్న ఇంట్లో కనీసం ఒక పూట భోజనం చేసినవాళ్లే ఇది రాసుంటారు. ఆ కారు తనంతట తాను వెళ్లగలిగే చోట్లు ఎప్పుడూ ఆ రెండే కదా, బంకూ మెకానిక్కూ. ప్రజల అలవాటుని ఇంత చక్కగా చట్టంగా మలిచిన సందర్భం మన దేశంలో మరొకటి చూపించండి.

నడపడం దగ్గరికొస్తే తాతయ్య మీద గౌరవం నిజంగానే పెరుగుతుంది. కింద మూడు పెడళ్లుంటాయి. ఎడమది పూర్తిగా తొక్కితే ఒకటో గేరు, సగం తొక్కితే న్యూట్రలు, వదిలితే పై గేరు. నడిమిది రివర్సు. కుడిది బ్రేకు. మరి ఆక్సిలరేటరు? స్టీరింగు కింద పుల్ల. రెండోవైపు ఇంకో పుల్ల ఉంటుంది, అది ఇంజనులో స్పార్కు ముందు పడాలా వెనక పడాలా అని చెప్పడానికి. స్టార్టు చెయ్యాలంటే ఆ స్పార్కు పుల్లని వెనక్కి పెట్టి, ముందుకొచ్చి హ్యాండిల్ తిప్పాలి. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి, చుట్టి పట్టుకోకూడదు. స్పార్కు ముందుంటే హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు విరుగుతుంది. మా పెద్దమనిషి ఈ వివరాలన్నీ శ్రద్ధగా విని, డ్రైవరుని తిప్పమన్నారు.

డ్రైవరు పదేళ్లుగా ఆటోమేటిక్ కారు నడుపుతున్న కుర్రాడు. కలెక్టరాఫీసు దగ్గర కాలు అలవాటు కొద్దీ బ్రేకనుకుని నడిమి పెడలు మీద పడింది. కారు కాసేపు ఆలోచించి వెనక్కి బయల్దేరింది. వెనక ఉన్న సిటీ బస్సు డ్రైవరు మన తాతయ్య వంశం గురించి కొన్ని విషయాలు పైకే చెప్పాడు. అవి సంస్థాన చరిత్రలో చేర్చలేదు.

కేజీహెచ్ డౌన్, అంటే కింగ్ జార్జి ఆస్పత్రి దగ్గరి ఏటవాలు రోడ్డు, ఎక్కడం మరో ఘట్టం. ఈ మోడల్లో పెట్రోలు పంపు ఉండదు, ట్యాంకు ముందు సీటు కింద ఉంటుంది, పెట్రోలు దాని బరువుకి అదే ఇంజనులోకి జారాలి. ఎగువ మరీ నిటారుగా ఉండి ట్యాంకులో తక్కువుంటే ఇంజను ట్యాంకుకంటే పైకి లేచి గొంతెండిపోతుంది. ఆ రోజుల్లో దీనికి అందరూ చేసిన ఉపాయం ఒకటే, వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కడం. రివర్సు గేరుకి లాగుడు కూడా ఎక్కువ. కాబట్టి ఆ ఆదివారం పొద్దున్న జమీందారు వంశం పట్టు లాల్చీలో, మెరూన్ కారులో, జనానికి ముఖం చూపిస్తూ, వెనక్కి వెనక్కి కొండెక్కింది. ఆస్పత్రి ముందు టీ తాగుతున్నవాళ్లు లేచి నిలబడ్డారు. గౌరవంతోనే అని ఆయన నమ్మకం.

చక్రాల సంగతి చెప్పడం మరిచాను. వాటి ఆకులు, అంటే స్పోకులు, హికరీ అనే అమెరికా కర్రతో చేసినవి, చెదలు పట్టి పోయాయి. చక్రానికి 12 ఆకులు. అమెరికా నుంచి తెప్పిస్తే ఖర్చని బండి చక్రాలు చేసే వడ్రంగిని పిలిచారు. పచ్చికర్ర పనికిరాదు, ఏళ్లతరబడి ఎండిన తుమ్మ కావాలన్నాడతను. చోడవరం దగ్గర సొంతూళ్లో చిన్నాన్న పెరట్లో ఒక ఎడ్లబండి విరిగి పడుంది, అది ముక్కలు చేసుకోమన్నారు పెద్దమనిషి. "ఒరే, మీ తాత బండిరా అది. అనకాపల్లికి బెల్లం తోలిన బండి" అని చిన్నాన్న ఫోనులో గుర్తుచేశాడట. దాని ఇరుసు పొయ్యిలోకి పోయింది, ఆకులు చిత్రికపట్టుకుని ఫోర్డు చక్రాల్లోకి వచ్చాయి. తాతయ్యది అంటూ ఆ కారులో ఏమన్నా ఉంటే అవే ఉన్నాయి.

బీచ్‌రోడ్డు ప్రదర్శనలో కారు ముందు ఇత్తడి బోర్డు పెట్టారు. సంస్థానం, లండను, మెరూన్ రంగుకి ప్రత్యేక ఆర్డరు, అన్నీ వరసగా చెక్కించారు. చక్రాలు అన్నదాని ఎదురుగా "అమెరికన్ హికరీ, ఒరిజినల్" అని ఉంది.