పెట్టే బేడా సర్దుకోనవసరం లేదు

వారం రోజులుగా అనంతపురంలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఒకటే సందేశం. "ఏఐ వచ్చాక ఇంటి నుంచి చేసే సాఫ్ట్‌వేర్ పనికి కాలం చెల్లింది. ముందు పోయేవి ఊళ్లలో ఉన్నవారి ఉద్యోగాలే, బెంగళూరు వెళ్లిపోండి. పిల్లలకు కోడింగ్ నేర్పించడం దండగ." నిన్న పక్కింటి పెద్దాయన అది చూపించి, "ఏమ్మా, మా మనవరాలిని ఇంజనీరింగ్ మాన్పించమంటావా?" అని అడిగారు. ఆయన ముఖం చూశాక ఊరుకోలేకపోయాను. 2020 నుంచి నేను ఈ ఊరి నుంచే పని చేస్తున్నాను.

కాలం చెల్లిందా? స్వీడన్‌కు చెందిన చెల్లింపుల సంస్థ క్లార్నా, కస్టమర్లకు జవాబులిచ్చే తన చాట్‌బాట్ 700 మంది సిబ్బంది పని చేస్తోందని 2024లో ప్రకటించింది. మరుసటి ఏడాదే నాణ్యత తగ్గిందని ఆ సంస్థ అధిపతి ఒప్పుకొని, మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టారు. అవి కూడా దూరం నుంచి చేసే ఉద్యోగాలే. విద్యార్థులు, గ్రామీణ ప్రాంతాల వారు చేరాలన్నది వారి ఆలోచన.

ఇక బెంగళూరు మాట. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామంది. ఆ సంస్థలో అంతకు చాలా ముందు నుంచే రోజూ ఆఫీసుకు రావాలన్న నియమం ఉంది. నైపుణ్యాలు సరిపోలడం లేదన్నదే సంస్థ చెప్పిన కారణం. నగరంలో అద్దె కట్టినంత మాత్రాన ఆ లోటు తీరదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది "కోడింగ్ దండగ" అన్న మాట. మొన్న మా బృందంలో బిల్లుల తేదీలు చదివే ప్రోగ్రామును ఏఐతో రాయించాం. దాన్ని పరీక్షించే కోడు కూడా ఏఐ చేతే రాయించాం. అన్నీ పాసయ్యాయి. కడప నుంచి పనిచేసే సహోద్యోగికి మాత్రం నమ్మకం కుదరలేదు. పాత బిల్లులు తీసి ఒక్కొక్కటే సరిపోల్చింది. 05/06 అని ఉన్న బిల్లు జూన్ 5కు బదులు మే 6న నమోదైంది. ఏఐ రాసిన ప్రోగ్రాము అమెరికా పద్ధతిలో నెలను ముందు చదివేసింది. పరీక్షలూ ఏఐ అదే ఊహతో రాసుకుంది గనుక, పరీక్ష రాసినవాడే తన జవాబులు తానే దిద్దుకున్నట్లయింది. నెలలు పన్నెండే కాబట్టి, తేదీ 12 దాటితే తప్ప తప్పు బయటపడదు. కోడు చదవడం రానివారు దీన్ని ఎలా పట్టుకుంటారు?

ఒక్కటి మాత్రం దాచను. చెప్పిందే మళ్లీ మళ్లీ చేసే పనులు తగ్గుతున్నాయి, కొత్తవారికి మొదటి ఉద్యోగం కష్టమవుతోంది. అయితే ఇంటి నుంచి పనిచేసేవారికి ఒక అలవాటు ముందే ఉంది. పక్క కుర్చీలో అడగడానికి మనిషి ఉండడు కాబట్టి ఏం కావాలో, ఎందుకు కావాలో, ఎక్కడ తేడా వచ్చిందో అన్నీ విడమరిచి రాయాలి. ఏఐతో పని చేయించాలన్నా కావలసింది అదే.

పెద్దాయన మనవరాలికి అలాంటి తేదీలతోనే ఒక నమూనా ఫైలు తయారుచేసి ఇచ్చాను. తప్పు ఉందని చెప్పాను, ఎక్కడో చెప్పలేదు. రాత్రి తొమ్మిదింటికి గోడ అవతలి నుంచి కేక వేసింది: "అక్కా, 13వ తేదీ బిల్లులు మాత్రమే ఎందుకు ఆగిపోతున్నాయి?"