టాహో యాత్రా విధానం: ముందు మెనూ, తర్వాత చైన్లు

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో కాపురముంటున్న తెలుగు కుటుంబం శీతాకాలంలో ఒక్కసారైనా కొండల మీదున్న సరస్సు లేక్ టాహో వెళ్ళి మంచులో దొర్లి రాకపోతే పిల్లల ముందు తలెత్తుకోలేదు. దీనికి ముహూర్తాలు రెండే. సంక్రాంతి అరిసెలు డబ్బాలో ఇంకా మిగిలి ఉండగా వచ్చే మార్టిన్ లూథర్ కింగ్ సెలవు ఒకటి, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారం రెండోది. ఆ రెండో వారానికి చాలా స్కూళ్ళు 'స్కీ వీక్' అనే పేరే పెట్టేశాయి. బే ఏరియా జనమంతా ఒకే శుక్రవారం, ఒకే నాలుగింటికి, అవే రెండు రోడ్ల మీదికి ఎక్కడం చూస్తే మనవాళ్ళకి ఐకమత్యం లేదన్నవాడి నోరు మూతపడుతుంది.

ఏర్పాట్లు శాస్త్రోక్తంగా జరగాలి. నాలుగు కుటుంబాలు, ఐదు బెడ్రూముల అద్దె ఇల్లు, ఒక వాట్సాప్ గ్రూపు. గ్రూపు పుట్టిన గంటలోపే "వదినా, పులిహోర నేను తెస్తా" అనే మెసేజ్ పడాలి. అక్కణ్ణుంచి మూడు వారాలు ఇడ్లీ పిండి ఎవరిది, గోంగూర ఎవరి కార్లో అన్న చర్చ నడుస్తుంది. మధ్యలో ఎవరైనా టైర్ల ఊసెత్తితే "అక్కడికెళ్ళాక చూసుకుందాంలే అన్నా" అని సున్నితంగా నోరు మూయించాలి.

మెనూ మీద అంత శ్రద్ధ అనవసరమని ఈ వ్యాసం అనదు. సరస్సు మట్టమే సుమారు 6,225 అడుగులు. ఆ ఎత్తులో నీళ్ళు 94 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి ఉత్త గిన్నెలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. కుక్కర్ ఉండాల్సిందే. కాకపోతే అద్దింట్లో ఇండక్షన్ పొయ్యి ఉంటే మామూలు అల్యూమినియం కుక్కర్‌ని అది గుర్తించనే గుర్తించదు. ఇంటి ఫొటోల్లో పొయ్యిని పెద్దది చేసి చూసుకుని, అవసరమైతే స్టీలు కుక్కర్ పట్టుకెళ్ళాలి. ఎండుమిర్చి తాలింపుకి ముందు చిమ్నీ ఫ్యాను వేయాలి. లేదంటే పొగ అలారం మోగి మంచం మీదున్నవాళ్ళంతా మంచులో తేలతారు.

ఇక ఎలాగూ ఎవరూ చదవని భాగం. ట్రకీ ఊరి వైపు ఐ-80, సౌత్ లేక్ టాహో ఊరి వైపు హైవే 50. రెండూ ఏడు వేల అడుగులు దాటిన కనుమలెక్కి దిగేవే. మంచు తుఫాను పడితే కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్, చైన్లు (మంచులో జారకుండా టైర్లకి చుట్టే గొలుసులు) కావాలని బోర్డు పెడుతుంది. ఆర్-1 అంటే ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) గుర్తున్న టైర్లుంటే మామూలు కార్లని చైన్లు వేయకపోయినా వదిలేస్తారు. ఆర్-2లో ఆ మినహాయింపు నాలుగు చక్రాలకీ అలాంటి టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ కార్లకే. రెంటిలోనూ చైన్లు డిక్కీలో ఉండి తీరాలి. ఆర్-3 వస్తే ఎవరికీ దయ లేదు, చాలాసార్లు అంతదాకా రానివ్వకుండా రోడ్డే మూసేస్తారు. ఆల్ వీల్ డ్రైవ్ ఆసామి ఇదంతా విని చిరునవ్వు నవ్వుతాడు. నాలుగు చక్రాలూ లాగడం ఎక్కేటప్పటి సుఖం. ఆగేటప్పుడు ఆయన బ్రేకూ, ముందు చక్రాలే లాగే పక్కవాడి క్యామ్రీ బ్రేకూ ఒకటేనన్న సంగతి ఐసు మీద మొదటి మలుపులో తెలుస్తుంది.

చైన్లు కొనడంలోనూ ఒక ఆచారముంది. వాడని చైన్లని కొన్ని షాపులు వెనక్కి తీసుకుంటాయి. డబ్బులొస్తాయి కదా అని పెట్టె విప్పరు. అంటే గ్యారేజీలో, పగటి వెలుగులో, పొడి నేల మీద ఒక్కసారి తొడిగి చూసుకునే అవకాశం దానికదే పోతుంది. పెట్టె మొదటిసారి తెరుచుకునేది రాత్రి తొమ్మిదింటికి, కొండ మీద, రోడ్డు పక్కన. టైరు మీది అంకె 215/55ఆర్17, పెట్టె మీది అంకె ఇంకేదో అని తేలేదీ అప్పుడే. అంకెలు కలిసినా, ముందు చక్రాలు లాగే కారుకి వెనక చక్రాలకి చైన్లు వేసి, కారెందుకు కదలట్లేదని ఆశ్చర్యపోవాలి. సరైన పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. లాగే చక్రం మీద పరిచి, లోపలి కొక్కెం ముందు, బయటి కొక్కెం తర్వాత తగిలించి, బిగించి, నాలుగడుగులు నడిపి మళ్ళీ బిగించాలి. ఈ రెండో బిగింపు ఎగ్గొడితే ఊడిన గొలుసు ఫెండర్‌ని టపటపా కొడుతుంది. మోకాళ్ళ కింద పాత చాప, చేతులకి రబ్బరు గ్లౌజులు, తలకి లైటు ఉంటే పనైపోతుంది. చైన్లు వేశాక గంటకి 25, 30 మైళ్ళే. అద్దె కారైతే అగ్రిమెంటు ముందే చదవాలి, చాలా కంపెనీలు చైన్లు వేయనివ్వవు.

రోడ్డు మూసినప్పుడు ఫోన్లోని మ్యాపు పక్కనున్న పల్లె దారి చూపిస్తుంది. ఆ దారిలో మంచు ఎత్తేవాడు ఉండడు. ఐ-80 ఎక్కే కనుమ పేరు డోనర్. 1846లో కుటుంబాలతో ఇటు వచ్చిన ఒక బృందం పేరది. వాళ్ళూ ఆలస్యంగానే వచ్చారు, వాళ్ళూ ఎవరో చెప్పిన అడ్డదారినే నమ్మారు. చలికాలమంతా మంచులో చిక్కుకుని దాదాపు సగం మంది పోయారు. పాపం, వాళ్ళకి ఏ రోడ్డు మూశారో చూపించే కాల్‌ట్రాన్స్ వారి క్విక్‌మ్యాప్ లేదు. మనకి ఉంది, కానీ మనం తెరవం.

చేరాక స్కీయింగ్. సెలవు రోజుల్లో కౌంటర్ దగ్గర కొండ పైకి చేర్చే లిఫ్ట్ టికెట్ 200 డాలర్లు దాటుతుంది, చవకగా పడే సీజన్ పాసుల అమ్మకం డిసెంబర్లోనే ఆగిపోతుంది. కాబట్టి జనవరిలో ఆలోచించడం మొదలుపెట్టడమే మన పద్ధతి. జీన్స్ తొడగాలి, అవి గంటలో తడిసి బిగుసుకుపోతాయి. చలికి రెండు జతల సాక్సులు వేయాలి, బూటు బిగిసి రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. పలచటి ఊలు సాక్సు ఒక్క జత చాలని అద్దె షాపు కుర్రాడు చెప్తాడు గానీ, వాడికేం తెలుసు? పిల్లలకి టీచర్ "పిజ్జా" అంటే స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి ఆగడం, "ఫ్రెంచ్ ఫ్రైస్" అంటే స్కీలు తిన్నగా పెట్టి జారిపోవడం. గంటలో పిల్లలు దిగిపోతుంటారు. పిజ్జా అన్నప్పుడల్లా భోజనం టైమైందనుకునే తండ్రి మాత్రం వాలు అంచున కట్టిన నారింజ రంగు వల దగ్గర తేలతాడు.

రాత్రికి పులిహోర డబ్బా కార్లో వదలకండి. టాహో ఎలుగుబంట్లకి కారు తలుపులు తీయడం వచ్చు, అన్నీ చలికాలమంతా నిద్రపోవు కూడా. చెత్త కోసం ఇంటి ముందున్న ఇనప పెట్టెకి గొళ్ళెం సరిగ్గా పెట్టాలి.

ఆదివారం తిరుగు ప్రయాణం, సోమవారం ఖర్చులు పంచే యాప్ స్ప్లిట్‌వైజ్. పనీర్, పాలు, పెరుగు నిమిషంలో తేలిపోతాయి. రోడ్డు పక్కన చైన్లు వేసిపెట్టిన మనిషికిచ్చిన డబ్బు దగ్గరే లెక్క ఆగుతుంది. క్యామ్రీ అన్న దాన్ని నాలుగు భాగాలు చేస్తాడు. "మాది ఆల్ వీల్ డ్రైవ్ కదా బ్రదర్, మాకు చైన్లు అక్కర్లేదు" అని టెస్లా ఆయన తన భాగం తీసేస్తాడు. పై ఏడాది మెనూకి కొత్త గ్రూపు పుట్టేదాకా ఆ పద్దు అలాగే ఉంటుంది.