ఆపరేషన్ ఉచితమే, తోడు ఎవరొస్తారు?

మా పెద్దమ్మకు చూపు తగ్గిందని ముందుగా పట్టుకున్నది ఆమె కోడలు. పెద్దమ్మ ఏరిన బియ్యంలో రాళ్లు ఉండిపోతున్నాయి, తోటకూరలో పురుగులు వచ్చేస్తున్నాయి. కంటి శిబిరంలో చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలన్నారు, ఉచితంగా ఆపరేషన్ చేస్తామని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ ఏడాదిన్నర పాటు దేవుడి పటం వెనకాలే ఉండిపోయింది.

ఎందుకంటే ఆసుపత్రికి ఎవరో ఒకరు వెంట వెళ్లాలి. ఆపరేషన్ రోజు ఒకటి, మర్నాడు కట్టు విప్పే రోజు ఇంకొకటి, ఆ తర్వాత చూపించుకోవడానికి మళ్లీ ఒక రోజు. కొడుకుదీ కోడలిదీ రోజు కూలి. ఇంటికొచ్చాక నెల, నెలన్నర పాటు వేళకు చుక్కలు వేయాలి. తలస్నానం వద్దు, పొయ్యి దగ్గర పొగ వద్దు, బరువులెత్తొద్దు అంటారు. ఇంటి పనంతా మోసే ఆడమనిషి ఇవన్నీ పాటించాలంటే ఆ పని ఇంకెవరో చేయాలి. ఇవేవీ బయటికి చెప్పలేక "ఈ వయసులో నాకెందుకులే" అంటారు. ఆ మాట విని, పల్లెవాళ్లకు అవగాహన లేదని మనం రాసేస్తాం.

2015-19 మధ్య జరిగిన జాతీయ అంధత్వ సర్వేలో, 50 ఏళ్లు దాటినవారిలో 1.99 శాతం మందికి చూపు లేదని తేలింది. అందులో మూడింట రెండొంతులు శుక్లాల వల్లే. పావుగంట, ఇరవై నిమిషాల ఆపరేషన్‌తో తిరిగి వచ్చే చూపు ఇది. ఎందుకు చేయించుకోలేదని అడిగితే డబ్బు ఇబ్బందితో పాటు తోడు వచ్చేవారు లేరన్న మాట కూడా ప్రధాన కారణాల్లో వచ్చింది. "పొర ఇంకా ముదరలేదు" అంటూ వాయిదా వేసేవాళ్లూ తక్కువేం కాదు. కంట్లో లెన్స్ పెట్టే ఈ రోజుల్లో ముదిరేదాకా ఆగాల్సిన పనే లేదు. ఆగితే ఆపరేషన్ కష్టమవుతుంది కూడా.

తెలంగాణలో ఊరూరా శిబిరాలు పెట్టి ఉచితంగా కళ్లు పరీక్షించే కంటి వెలుగు పథకం 2018 ఆగస్టు 15న మొదలైంది. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ఇలాంటి పథకమే వచ్చింది. వీటిని చిన్నబుచ్చడం నాకిష్టం లేదు. నలభై దాటాక వచ్చే చత్వారానికి ఊళ్లోనే అద్దాలు ఇవ్వడం ఎంత పెద్ద మేలో నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లను అడిగితే చెబుతారు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆకు కత్తిరించడం, దారం కట్టడం అంతా దగ్గర చూపు మీదే. చూపు మసకైతే చెయ్యి నెమ్మదిస్తుంది, సరిగ్గా రాని బీడీలను తీసి పక్కన పడేస్తారు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కార్మికులకు దగ్గర చూపు అద్దాలిచ్చి చూస్తే, అద్దాలు లేనివారితో పోలిస్తే పని 21.7 శాతం పెరిగింది.

అయితే అద్దాలు శిబిరంలోనే చేతికి ఇచ్చేయొచ్చు. ఆపరేషన్ అలా కుదరదు, పెద్దాసుపత్రికి రాస్తారు. శిబిరం టెంటు ఎత్తేశాక ఆ చీటీ ఏమైందో అడిగే మనిషి ఊళ్లో ఉండరు.

ఆ మనిషిని ఊళ్లోనే ఉంచిన పద్ధతి మన దగ్గరే ఉంది. కంటి డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పెట్టారు. 1996లో ఆ సంస్థ అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని మారుమూల ముథోల్‌లో ఆపరేషన్లు చేసే ఆసుపత్రి తెరిచింది. తర్వాత సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున, కళ్లు పరీక్షించే చిన్న చిన్న దృష్టి కేంద్రాలు పెడుతూ వచ్చింది. స్థానిక యువతకే శిక్షణ ఇచ్చి అక్కడ కూర్చోబెడతారు. పరీక్ష చేసిన అమ్మాయే మర్నాడు సంతలో ఎదురై "పెద్దమ్మా, ఎప్పుడెళ్తున్నావ్?" అని అడగగలదు. వరికోతల్లో వడ్లగింజ కంట్లో తగిలితే ఆకుపసరు పిండడమో, ఊళ్లో ఇచ్చిన చుక్కల మందు వేయడమో చేస్తారు. ఆ దెబ్బకు కంట్లో ఫంగస్ పుండు పడి, ఆ చుక్కల్లో స్టెరాయిడ్ మందు ఉంటే కన్నే పోవచ్చు. అలాంటప్పుడు వెంటనే చూపించుకునే చోటు దగ్గర్లో ఉండాలి. ఏడాదికోసారి వచ్చే శిబిరం ఎందుకు పనికొస్తుంది?

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో, 2025 ఆగస్టు నుంచి ఆంధ్రలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ముసలమ్మకు చార్జీ తప్పింది, కొడుక్కి తప్పలేదు. బస్సే రాని తండాకు ఆ పథకంతో పనే లేదు. పోయిన కూలి సంగతి ఏ పథకంలోనూ లేదు.

పెద్దమ్మకు చివరికి ఒక కన్ను ఆపరేషన్ అయింది. మెరుగ్గా ఉన్న కన్నునే సర్వేలు లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి, ఆ లెక్కల ప్రకారం ఆమె గట్టెక్కినట్టే. రెండో కన్ను నాట్లయ్యాక చూద్దామన్నారు. నాట్లూ అయ్యాయి, కోతలూ అయ్యాయి.

శుక్లాలున్నవారిని తీసుకొస్తే ఆశా కార్యకర్తలకు ఇప్పటికే కొంత పారితోషికం ఉంది. తోడు వచ్చినవాళ్లకు కూడా కనీసం రెండు రోజుల కూలి, ఉపాధి హామీ రేటుకైనా సరే, ఇవ్వాలి. ఎన్ని కళ్లు పరీక్షించారో మండలాలవారీగా చెప్పినట్టే, రాసిచ్చిన చీటీల్లో ఎన్ని ఆపరేషన్ దాకా వెళ్లాయో, అందులో ఆడవాళ్లు ఎందరో కూడా బయటపెట్టాలి.