బాయిల్ సూత్రం చదవని చేపలు

జలవిద్యుత్తుకు పొగ లేదు, బూడిద లేదు, బొగ్గు కొరత అంటూ అర్ధరాత్రి సమీక్షా సమావేశాలు లేవు. అంతటి నిష్కళంకమైన విద్యుత్తుకు కూడా మచ్చ తెచ్చే పనిలో ఒక వర్గం ఉంది. చేపలు. టర్బైన్లలోంచి బయటపడి, కళ్లు ఉబ్బించుకుని, ఆనకట్ట దిగువన వెల్లకిలా తేలుతూ, చూసేవారికి తప్పు ఆనకట్టదే అనిపించేలా ప్రవర్తిస్తున్నాయి. ఈ దుష్ప్రచారాన్ని ఖండించక తప్పదు.

అమెరికా వాయవ్య ప్రాంతంలోని కొలంబియా నదినే తీసుకుందాం. దాని ఉపనది స్నేక్. ఇడాహో కొండవాగుల్లో పుట్టిన సాల్మన్ పిల్ల పసిఫిక్ సముద్రం చేరాలంటే ఎనిమిది ఆనకట్టలు దాటాలి. లోయర్ గ్రానైట్ మొదటిది, బోనవిల్ చివరిది. మన పులస లాగే సాల్మన్ కూడా పెద్దయ్యాక సముద్రం విడిచి నదికి ఎదురీదుతుంది. ఎక్కే పెద్దలకు మెట్లు కట్టించారు. దిగే పిల్లలకు ఉన్న దారుల్లో ఒకటి టర్బైను.

ఇక్కడే చేపల చదువు ఎంత నాసిరకమో బయటపడుతుంది. ఉష్ణోగ్రత మారనప్పుడు పీడనం సగమైతే వాయువు పరిమాణం రెట్టింపవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లోనే ప్రకటించాడు. ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థులు దీన్ని బట్టీ పట్టి గట్టెక్కుతున్నారు. చేపలకు మాత్రం మూడున్నర శతాబ్దాలు సరిపోలేదు. నీటిలో కోరిన లోతున నిలవడానికి కడుపులో గాలితిత్తి పెట్టుకుని తిరుగుతాయి. పది మీటర్ల లోతున ఉన్న చేప మీద సుమారు రెండు వాతావరణాల పీడనం ఉంటుంది (సముద్రమట్టం దగ్గర గాలి మోపే ఒత్తిడి ఒక వాతావరణం). టర్బైను చక్రం దాటే చోట అది ఒక్కసారిగా అర వాతావరణానికి పడిపోయిందనుకోండి. బాయిల్ లెక్క ప్రకారం తిత్తిలోని గాలికి నాలుగింతల చోటు కావాలి. అదీ సెకనులో ఏదో ఒక వంతు సమయంలో. అంత చోటు చేప ఎక్కడినుంచి తెస్తుంది? తిత్తి పగులుతుంది, లోపల నెత్తురు చిమ్ముతుంది, కనుగుడ్లు ముందుకు పొడుచుకొస్తాయి, కొన్నింటికి జీర్ణాశయం నోట్లోకి తన్నుకొస్తుంది. నెత్తుటిలో కరిగి ఉన్న వాయువు, గోలీసోడా కొట్టినప్పుడు లేచే బుడగల్లా లేచి మొప్పల్లో, రెక్కల్లో ఇరుక్కుంటుంది.

ఇందులో టర్బైను నేరం ఏమిటో నాకు అర్థం కాదు. అది ఆ చేపను తాకనైనా లేదు. (తాకినవాటి సంగతి వేరు. వాటి మీద ఇంత చర్చ అవసరం లేదు, తునకలు చూస్తేనే తెలిసిపోతుంది.) పైగా సాల్మన్‌కు తిత్తి నుంచి గొంతులోకి ఒక గొట్టం ఉంది. తేన్చి గాలి వదిలేయవచ్చు. రెప్పపాటులో తేన్చలేకపోతే అది క్రమశిక్షణ లోపం కాక మరేమిటి? మన చెరువుల్లో పెరిగే జిలేబి చేపకైతే ఆ గొట్టం కూడా లేదు. అటువంటి శరీర నిర్మాణంతో నదుల్లోకి రావడమే బాధ్యతారాహిత్యం.

అదృష్టవశాత్తు శాస్త్రజ్ఞులు ఒక ఆదర్శ మత్స్యాన్ని తయారుచేశారు. పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలవారి ‘సెన్సర్ ఫిష్’ అది. బెత్తెడు పొడవున్న గొట్టం. టర్బైనులోంచి వెళ్తూ పీడనాన్నీ, కుదుపులనూ నమోదు చేసుకుంటుంది. అవతల పైకి తేలి, తాను ఎక్కడుందో రేడియోలో చెబుతుంది. తిత్తి లేదు, ఆకలి లేదు, గుడ్లు పెట్టాలన్న కోరిక లేదు. నివేదిక మాత్రం సకాలంలో ఇస్తుంది. నదిలో ఉండదగిన ప్రాణి ఇదే. విచారకరమైన సంగతి ఏమిటంటే, ఇలాంటి కొలతలు చూసుకుని ఐస్ హార్బర్ ఆనకట్టలో పీడనం మరీ పడిపోని కొత్త టర్బైన్లు బిగించడం మొదలుపెట్టారు. చేపకు తగ్గట్టు యంత్రం మారడమా! ఇది ఎక్కడికి దారితీస్తుందో పాలకులు ఆలోచించుకోవాలి.

నిజం చేపలనూ లెక్కించారు. వాటి కడుపులో చిన్న ట్రాన్స్‌మిటర్లు కుట్టి వదిలారు. తీరా పీడన పరీక్షల్లో చూస్తే, ట్రాన్స్‌మిటరు మోసే చేపలకే గాయాలు ఎక్కువయ్యాయి. ఎన్ని బతుకుతున్నాయో తెలుసుకునే ప్రయత్నమే బతికేవాటిని తగ్గించిందన్నమాట. దాంతో మరింత చిన్న ట్రాన్స్‌మిటర్లు తయారుచేశారు. ఎంత శ్రద్ధ!

ఇక మార్కుల విషయానికి వద్దాం. 2008 నాటి ఫెడరల్ ప్రణాళిక ప్రకారం, ఒక్కో ఆనకట్ట దాటేటప్పుడు వసంతంలో నది దిగే పిల్లల్లో నూటికి 96, వేసవిలో దిగే పిల్లల్లో నూటికి 93 బతకాలి. 96 వస్తే మన ఊళ్లో వీధి మొదట్లో ఫ్లెక్సీ కడతారు. అయితే పరీక్షలు ఎనిమిది. ఎనిమిది ఆనకట్టలూ సరిగ్గా 96 తెచ్చుకుంటే చివరికి మిగిలేవి నూటికి 72. వేసవి లక్ష్యంతో ఎనిమిదీ దాటితే 56. మధ్యలోని జలాశయాల్లో పోయేవి ఈ లెక్కలోకి రావు. గమనించండి, ఇక్కడ ఏ ఆనకట్టా తప్పలేదు. ఎవరి దస్త్రం తెరిచినా ఉత్తీర్ణతే. చేపల్లో మాత్రం నాలుగో వంతుకు పైగా పోయాయి. పోయిన ఆ 28 ఏ ఆనకట్ట ఖాతాలో పడతాయని అడిగితే, ప్రతి ఆనకట్టా మర్యాదగా పక్కదాన్ని చూపిస్తుంది. పాలనలో ఇంతకంటే అందమైన ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

టర్బైను వద్దంటే గేట్లెత్తి పైనుంచి వదలవచ్చు. అలా దూకిన నీరు గాలిని లోతుకు లాక్కుపోయి మోతాదు మించి కరిగించుకుంటుంది. అప్పుడు చేపల ఒంట్లో బుడగల జబ్బు పుడుతుంది. కరిగిన వాయువు, నీరు మామూలుగా కరిగించుకోగలిగినదానిలో 110 శాతం మించరాదని నిబంధన ఉంది, వసంతంలో దానికి సడలింపూ ఉంది. కింద నుంచి వెళ్లినా గాలే, పైనుంచి వెళ్లినా గాలే. అదీ వద్దనుకుంటే చేప పిల్లలను పట్టి, పంట్ల మీదా లారీల్లోనూ ఎక్కించి బోనవిల్ దిగువన దింపి వస్తున్నారు. నదిలో చేపను నది దాటించడానికి పడవ! టర్బైన్లు దాటి స్పృహ తప్పినవాటిని తినే పైక్‌మినో అనే చేప మీద మాత్రం కఠినంగా వ్యవహరించారు. దాన్ని పట్టి తెచ్చినవారికి తలకింత చొప్పున బహుమతి ఇస్తారు. బహుమతి సొమ్ము వచ్చేది విద్యుత్ సంస్థ నుంచే.

కొలంబియా మీదే ఎగువన ఉన్న గ్రాండ్ కూలీ ఆనకట్టకైతే మెట్ల ఖర్చు కూడా పెట్టలేదు. ఎగువ నదిలో సాల్మన్ కథ అంతటితో ముగిసింది. అక్కడి ఆదివాసులు 1940 జూన్‌లో కెటిల్ జలపాతం దగ్గర చేరి దానికి వీడ్కోలు చెప్పి ఏడ్చారు. 1957లో డాల్స్ ఆనకట్ట సెలైలో జలపాతాన్ని ముంచింది. తరతరాలుగా చేపలు పట్టిన చోటు కొన్ని గంటల్లో నీళ్లకింద పోయింది. ఆ డాల్స్ ఊళ్లోనే 2006లో గూగుల్ డేటా సెంటర్ వెలిసింది. మన పెళ్లి వీడియోలు అక్కడ భద్రంగా ఉన్నాయేమో ఎవరికి తెలుసు.

ఇంత నిర్మాణాత్మక కృషి సాగుతుండగా ఒరెగాన్, కాలిఫోర్నియాల గుండా పారే క్లమాత్ నది మీద పెద్ద తప్పు జరిగిపోయింది. నాలుగు ఆనకట్టలు కూల్చేశారు. వాటిలో ఒకదాని పేరు జె.సి. బాయిల్ (ఇతను వేరు, ఇంజనీరు). 2024 అక్టోబరులో పని ముగిసింది. అదే నెలలో సాల్మన్ ఆ బాయిల్ ఆనకట్ట ఉన్న చోటు దాటి ఒరెగాన్ వాగుల్లోకి ఎక్కింది. నూరేళ్లకు పైగా మూసి ఉన్న దారి అది. మెట్లు అడగలేదు, పంటు కోసం ఎదురుచూడలేదు. చేపలు ఇలా తమంతట తామే ఈదడం మొదలుపెడితే సెన్సర్ ఫిష్‌కు ఉపాధి ఎవరు చూపిస్తారు?