ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన పాఠశాల

విజయనగరం సంగీత కళాశాల అనగానే మనకు ఘంటసాల గుర్తొస్తారు, సుశీల గుర్తొస్తారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు గుర్తొస్తుంది. ఆ కళాశాల ఎందుకు పుట్టిందో మాత్రం ఆ ఊరు దాటితే చాలామందికి తెలియదు. సంస్థానంలో ఉద్యోగం చేసే చాగంటి జోగారావు గారికి చూపు లేని కొడుకు ఉండేవాడు. పిల్లవాడికి సంగీతం బాగా అబ్బింది. వాడికి పద్ధతిగా చదువు చెప్పించడం కోసమే పూసపాటి విజయరామ గజపతిరాజు 1919లో గానపాఠశాల తెరిపించారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. ఫిడేలు నేర్పడానికి వచ్చిన ద్వారం వారికీ చూపు మందమే. 1936లో దాసుగారి తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఆయనే.

రాజుగారి దయాగుణం కన్నా ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఆలోచన నడిచిన తీరు. బడికి తగ్గట్టు పిల్లవాడు మారాలని ఎవరూ అనలేదు. పిల్లవాడికి తగ్గట్టు బడి వచ్చింది. ఒకరి కోసం తెరిచిన ఆ తలుపులోంచి తర్వాత ఎవరెవరు నడిచొచ్చారో తెలుగు పాట వినేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నూరేళ్లు దాటాక ఇవాళ మన వేదికల దగ్గర జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు.

కొన్నేళ్ల కిందట ఒక పట్టణంలో పాటల కార్యక్రమానికి వెళ్లాను. పాడేవాళ్లలో ఒకాయనకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, చక్రాల కుర్చీలో ఉంటారు. హాలు కొత్తదే. ఏసీ ఉంది, సౌండు బాగుంది. స్టేజీకి ఇటు ఏడు మెట్లు, అటు ఏడు మెట్లు. ఆయన పేరు పిలిచాక నలుగురు కుర్రాళ్లు వచ్చి కుర్చీని నాలుగు వైపులా పట్టుకుని లేపారు. మూడో మెట్టు దగ్గర ఒకడి పట్టు జారి కుర్చీ పక్కకి ఒరిగింది. ఆయన రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకున్నారు. చొక్కా పొట్ట మీదికి లేచిపోయింది. సర్దుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. హాలంతా చూస్తోంది. పైకి చేరగానే అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికి ఆయన ఒక్క ముక్క కూడా పాడలేదు.

ఆ తర్వాత వ్యాఖ్యాత మైకు అందుకుని ‘వైకల్యాన్ని జయించిన ధీరుడు’ అంటూ చాలాసేపు మాట్లాడారు. ఆయనకు ఊపిరి కుదుటపడక ముందే ట్రాక్ మొదలైపోయింది. పల్లవిలో శ్రుతి కాస్త తగ్గింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన, ‘పాపం, ఆ మాత్రం పాడాడు, చాలదూ!’ అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ నాకు తెలిసి ఆ గాయకుడు గంటసేపు శ్రుతి తప్పకుండా పాడగలరు. ఆ రోజు తప్పింది ఆ ఏడు మెట్ల వల్ల. హాలుకు ప్లాను గీసినవాళ్ల లోపం ఆయన గొంతు ఖాతాలో పడింది. చివర్లో శాలువా కప్పారు. మిగతా గాయకులకు కవర్లు ఇచ్చారు, ఆయన చేతిలో మెమెంటో పెట్టారు.

జయించడం అన్న మాట మనకు బాగా అలవాటైపోయింది. సుధా చంద్రన్ కథ తెలుగువాళ్లకు బాగా తెలుసు. 1981లో ప్రమాదం, కాలు తీసేయడం, కృత్రిమ పాదంతో మళ్లీ నాట్యం, 1985లో తన కథలో తనే నటించిన తెలుగు సినిమా ‘మయూరి’. ఆమె పట్టుదలకు ఎవరైనా చేతులెత్తి మొక్కాల్సిందే. అయితే ఆ కథ చెప్పేటప్పుడు పాదం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తాం. ఆమె తొడుక్కున్న జైపూర్ పాదాన్ని 1960ల చివర్లో రూపొందించింది డాక్టర్ పి.కె. సేఠి, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ. విదేశీ నమూనా పాదాలు బూట్లలోనే ఇమిడేవి, చీలమండ దగ్గర వంగేవి కావు. మనవాళ్లు చెప్పుల్లేకుండా నడుస్తారు, నేల మీద బాసింపట్టు వేస్తారు, గొంతుక్కూర్చుంటారు, పొలంలో దిగుతారు. అవన్నీ చూసి రబ్బరుతో అన్ని వైపులకూ వంగే పాదం చేశారు. ఒట్టి పాదంతో నేలను తట్టే నాట్యానికి అది పనికొచ్చిందంటే, మనుషులు ఎలా బతుకుతారో చూసి వస్తువు తయారుచేసినందువల్లే. సంకల్పం ఆమెది. ఆ సంకల్పం నిలబడడానికి ఒక పాదం కావాల్సి వచ్చింది. మన హాళ్లు కట్టేవాళ్లు ఆ కళాకారుడిలా ఒక్కసారి ఆలోచిస్తే చాలు.

ఇలాంటి ఏర్పాటు అడిగితే ‘ప్రత్యేక సౌకర్యం’ అంటారు. నిజానికి సౌకర్యాలు కళారంగానికి కొత్త కాదు. తెలుగు ఒక్క ముక్క రాని నాయికలతో మన సినిమాలు ఏళ్లుగా నడుస్తున్నాయి. కెమెరా పక్కన ఒకరు నిలబడి డైలాగు అందిస్తారు, పెదవులు కదిపితే చాలు, తర్వాత డబ్బింగ్‌లో ఇంకొకరు గొంతు ఇస్తారు. దాన్ని ఎవరూ దయ అనరు, పని జరిగే పద్ధతి అంటారు. పుట్టుకతోనే వినికిడి, మాట లేని అభినయ ‘శంభో శివ శంభో’లోనూ, ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’లోనూ నటించారు. తెర మీద చూసినవాళ్లలో చాలామంది ఆ సంగతి గమనించనే లేదు. ఉన్న పద్ధతే ఆమెకూ సరిపోయింది. మరి ఆమె తర్వాత ఇంకొకరి పేరు మనకెందుకు తట్టడం లేదు? చూపు లేని పాత్ర రాసుకుంటే చూపున్న నటుణ్ని నల్ల కళ్లద్దాలతో నిలబెడతాం. నత్తిని, చెవుడును హాస్యం ట్రాకుకు వాడుకుంటాం. అవకాశం ఇవ్వాల్సినవాళ్ల ఊహ అక్కడే ఆగిపోతోంది.

సంగీతంలో ఇంకో రకం అడ్డంకి ఉంది. మన సంగీతం గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి చేరిన విద్య. ఆ పద్ధతిలో చూపు లేనివాళ్లు ఎవరికీ తీసిపోరు. చిక్కంతా పరీక్షలోనే వస్తుంది. స్వరలిపిలో తారస్థాయికి అక్షరం పైన చుక్క, మంద్రస్థాయికి కింద చుక్క, కాలం పెరిగితే పైన గీత. చూపు లేని విద్యార్థి చెబుతుంటే రాసిపెట్టడానికి వచ్చిన కుర్రాడికి సంగీతం రాదు. ఒక మృదంగం విద్యార్థి తన అనుభవం చెప్పాడు. జతిలో, అంటే తాళానికి పలికే అక్షరాల వరుసలో, ‘తకధిమి’ ఎక్కడ విరవాలో రాసే అబ్బాయికి విడమరిచి చెప్పేసరికే పరీక్ష సమయం సగం గడిచిపోయిందట. అతనికి ఆ జతి వేళ్ల మీద ఉంది. వాయించి చూపిస్తానంటే, ఇది రాత పరీక్ష అన్నారు.

చట్టంలో లోటు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ ఈ విషయాల గురించే. వైకల్యం ఉన్న కళాకారులకు, రచయితలకు వసతులు, ప్రోత్సాహం ఇవ్వాలని, కళల కోర్సులను వాళ్లు చేరగలిగేలా మళ్లీ రూపొందించాలని అందులో ఉంది. ఆ మృదంగం విద్యార్థి అడిగింది అదే కదా! పాత ప్రజా భవనాలను అయిదేళ్లలో అందరూ వాడుకోగలిగేలా మార్చాలని కూడా అదే చట్టం చెప్పింది. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో, అంటే గడువు 2022లోనే తీరిపోయింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో, అందరూ వాడుకోగలిగేలా ఉండాలన్న ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయాల్సిందేనని తీర్పు ఇచ్చింది. దేశమంతటా పరిస్థితి ఎలా ఉందో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే. సినిమాల విషయంలో అదే ఏడాది మార్చిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి కన్నా ఎక్కువ భాషల్లో సర్టిఫికెట్ తీసుకునే సినిమాలకు ముందుగా, తర్వాత అన్నిటికీ, దృశ్యాన్ని మాటల్లో వివరించే ఆడియో, తెర మీద చదువుకునే అక్షరాలు ఉండాలన్నది వాటి సారం. పాన్ ఇండియా మాట వాడుకలోకి తెచ్చిన పరిశ్రమ మనది. అయిదు భాషల్లో డబ్బింగ్ చేయించేవాళ్లకు ఆరో ట్రాకు పెద్ద భారం కాదు.

అన్నిటికీ కోట్లు కావాలని అనుకోవద్దు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశం ఉంది. తెర వెనక నుంచి ఆమె జడ తెర మీదుగా ఇవతలికి పడుతుంది. అది ఒట్టి అలంకారం కాదు, సవాలు. చూపు లేని ప్రేక్షకుడికి దరువు వినిపిస్తుంది, గజ్జెలు వినిపిస్తాయి. హాలంతా ఒక్కసారి ఎందుకు ఊపిరి బిగబట్టిందో మాత్రం అర్థం కాదు. ప్రదర్శనకు పావుగంట ముందు ఆయన్ని గ్రీన్‌రూముకు తీసుకెళ్లి ఆ జడను చేతికిస్తే? బిళ్లలు ఎంత బరువో, కుచ్చులు ఎక్కడున్నాయో వేళ్లతో తడిమి చూసుకుంటారు. ‘ఇది తెర మీదుగా పడుతుంది, చూసుకోండి’ అని చెబితే ఆ క్షణం ఆయనకూ దక్కుతుంది. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో తాకి చూసే శిల్పాల గ్యాలరీ 2015 నుంచి ఉంది. మన దగ్గర జడ ఉంది, నాట్యాచార్యులు ఉన్నారు, కావాల్సింది పావుగంట.

ఆ రోజు మెట్ల మీద కుర్చీలో ఒరిగిన గాయకుణ్ని ఈ మధ్య ఇంకో సంస్థవాళ్లు కార్యక్రమానికి పిలిచారు. సన్మానం కూడా ఉందన్నారు. ఆయన రెండు ప్రశ్నలు అడిగారు. స్టేజీకి ర్యాంపు ఉందా? పాడినందుకు ఎంత ఇస్తారు? కనుక్కుని ఫోన్ చేస్తామన్నారు. ఆయన సాధన మాత్రం ఆపలేదు.