కూర్చుంటే జరిమానా!

రోమ్‌లో నడవడం కష్టం కాదండీ, కూర్చోవడమే కష్టం. పొద్దున్నే కొలోసియం గేటు దగ్గర నా వీపు మీది సంచి చూసి, ఇంత పెద్దది లోపలికి కుదరదన్నారు. పోనీ ఇక్కడే దాచండంటే క్లోక్‌రూమ్ లేదట! సంచి పెట్టడానికి రైల్వేస్టేషన్ దాకా పరుగెత్తి వచ్చేసరికి నా టికెట్ మీద వేసిన టైమ్ కాస్తా దాటిపోయింది. క్రీ.శ. 80 నుంచి నిలబడే ఉన్న కట్టడం, నాకోసం అరగంట ఆగలేదు.

సాయంత్రం కాళ్లు పీకేస్తుంటే స్పానిష్ స్టెప్స్ అనే పెద్ద మెట్ల వరుస మీద కూలబడ్డాను. వెంటనే విజిల్! 2019 నుంచి అక్కడ కూర్చోవడం నిషేధమట, జరిమానా 250 యూరోల నుంచి మొదలు. వందకు పైగా మెట్లున్నాయి, ఒక్కదాని మీదా కూర్చోనివ్వరు. మా అమ్మయితే గుడికెళ్లి కాసేపు మెట్ల మీద కూర్చోకుండా వస్తే తిడుతుంది. చివరికి పిజ్జా ముక్క కూడా నిలబడే తిన్నాను. అదీ చల్లారిపోయింది.